ఎవరి పొగ ఎవరి లెక్కలో?



మీ వీధిలో ఒక పాత బియ్యం మిల్లు ఉన్నదనుకోండి. అది ఆగిపోయి చాలా ఏళ్లయింది. రేకులు తుప్పు పట్టాయి, ఆవరణ నిండా పిచ్చిచెట్లు మొలిచాయి. ఒకరోజు ఉదయం ఆ గేటు మీద ఒక బోర్డు వెలుస్తుంది. కింద దుకాణాలు, పైన అయిదు అంతస్తులు, మొత్తం యాభై కాపురాలు అని దాని సారాంశం. అంతే, ఎన్నడూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కని వాళ్లు కూడా ఆ సాయంత్రానికి ఒకటవుతారు. ఇప్పటికే ఈ మలుపులో ఆటో కదలడం లేదు, ఇంకా యాభై ఇళ్ల బండ్లు, దుకాణాలకు వచ్చేవాళ్ల బండ్లు వస్తే ఈ పొగలో పిల్లలు ఎలా బతుకుతారని మునిసిపల్ కమిషనరు గారికి అర్జీ రాస్తారు. సంతకం పెట్టమని మీ దగ్గరకూ వస్తారు. తెనాలి కావచ్చు, బాపట్ల కావచ్చు, రేపల్లె కావచ్చు, ఇలాంటి బోర్డూ ఇలాంటి అర్జీ మనకు కొత్త కాదు.

ఆ కాగితం మీద సంతకం పెట్టడం న్యాయమా? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే. ఇందులో నీతి ప్రశ్న ఏముంది, ఇది ఇంజనీర్ల వ్యవహారం కదా అని కొందరు అనవచ్చు. నేనలా అనుకోవడం లేదు. మన మేలు కోసం మనం తీసుకునే ఒక నిర్ణయం మన కంటికి కనబడని వారి మీద ఎలా పడుతుందన్నది నీతి ప్రశ్న కాకపోతే మరేది నీతి ప్రశ్న?

అర్జీలో రాసినది అబద్ధం కాదు. ఆ మలుపులో నిజంగానే పొగ ఉంది. అయితే అర్జీ నెగ్గిందనుకుందాం. బోర్డు తీసేశారు. మరి ఆ యాభై కుటుంబాలు ఏమైనట్లు? ఆవిరైపోవు కదా! ఎక్కడో ఒకచోట కాపురం పెట్టాలి. ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల మాగాణిని మెరక చేసి, ఆర్చి కట్టి, రంగు జెండాలు పాతిన వెంచరు వారి కోసం సిద్ధంగా ఉంటుంది. అక్కడ గాలి బాగుంటుంది, గజం ధర తక్కువ. కాని పాల ప్యాకెట్టుకు బండి తీయాలి, మందుబిళ్లకు బండి తీయాలి, పిల్లల ట్యూషనుకు, ఆదివారం పూజకు, చివరికి కరివేపాకు రెబ్బకు కూడా బండి తీయాలి. ఇంట్లో వృద్ధురాలైన తల్లి ఉంటే ఆమె సంగతి మరీ ఆలోచించండి. ఊరి మధ్య ఉన్నప్పుడు చేతికర్ర పట్టుకుని తనంతట తాను దేవాలయానికి వెళ్లి వచ్చిన మనిషి ఇప్పుడు కొడుకుకు తీరిక దొరికే దాకా అరుగు మీద కూర్చోవలసిందే.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. ఓపిక పట్టండి, పెద్ద లెక్క కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలుస్తుంది. డీజిలైతే దాదాపు 2.7 కిలోలు. లీటరు పెట్రోలు తూకం వేస్తే ముప్పాతిక కిలోకు మించదు, మరి రెండు కిలోల పైచిలుకు వాయువు ఎలా పుట్టిందని మా సండే స్కూలు కుర్రవాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. పెట్రోలులోని కర్బనం మండేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని ప్రాణవాయువును తనలో కలుపుకుంటుంది. పెరిగిన బరువంతా ఆ ప్రాణవాయువుదే.

వెంచరులోని ఒక ఇంటి యజమాని ఎనిమిది కిలోమీటర్ల దూరం నుండి రోజుకు రెండుసార్లు ఊళ్లోకి వచ్చిపోతే 32 కిలోమీటర్లు. మోటారు సైకిలు లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చినా రోజుకు దాదాపు కిలోన్నర వాయువు. ఏడాదికి 300 రోజులు తిరిగితే సుమారు 440 కిలోలు. అదే మనిషి పాత మిల్లు స్థలంలో కాపురం ఉండి, కిలోమీటరున్నర దూరంలోని పనికి రోజుకు రెండుసార్లు బండి మీదే వెళ్లి వచ్చినా ఏడాదికి 83 కిలోలు దాటదు. అసలు కిలోమీటరున్నరకు బండి ఎందుకు, నడవవచ్చు కూడా. యాభై ఇళ్లకు తేడా కట్టండి. ఏడాదికి సుమారు 18 టన్నులు తేలుతుంది. ఇంటింటికీ ఒక్క బండే అనుకుని వేసిన అంచనా ఇది. కారయితే లీటరుకు 15 కిలోమీటర్లే వస్తుంది కనుక ఈ అంకెలన్నీ మూడింతలకు మించుతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మన మలుపులో నిలబడి చూసేవానికి ఈ 18 టన్నుల ఆదా కనబడదు. ఊరి మధ్య భవనం లేచిన తర్వాత రోజుకు రెండు వందల సార్లు బండ్లు మన ఇంటి ముందు నుండే పోతాయి. వెంచరు వాళ్ల బండ్లు అంతకు అయిదింతలు తిరుగుతాయి, కాని ఎక్కువ భాగం ఎవరి ఇంటి ముందో తిరుగుతాయి. ఊళ్లోకి రాక తప్పదు కనుక బజారులో మనకు అడ్డం పడేదీ వాళ్లే. ఆ బండి ఎక్కడి నుండి వచ్చిందో దాని మీద రాసి ఉండదు కాబట్టి మనం అర్జీ పెట్టం.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1970లో ఒక పర్యావరణ చట్టం వచ్చింది. ఏదైనా పెద్ద నిర్మాణం చేపట్టేముందు దాని వలన వచ్చే చెడుగును లెక్కగట్టి ప్రజల ముందు పెట్టాలి. మంచి చట్టమే. అయితే రాకపోకల విషయంలో ఏళ్ల తరబడి వాళ్లు కొలిచింది ఏమిటంటే, దగ్గరి కూడలిలో బండ్లు ఎంతసేపు ఆగవలసి వస్తుందన్నది. ఊరి మధ్య కూడలి అప్పటికే కిటకిటలాడుతూ ఉంటుంది, అక్కడ ఇల్లు కడతానన్నవాడు దోషిగా నిలబడ్డాడు. ఊరికి ముప్పై మైళ్ల అవతల ఖాళీ రోడ్డు పక్కన కట్టేవాడు సులువుగా గట్టెక్కాడు. పర్యావరణం కోసం పుట్టిన చట్టమే జనాన్ని దూరం నెట్టి పెట్రోలు కాల్పించిందన్నమాట! చివరకు 2013లో ఆ పద్ధతిని మార్చేందుకు చట్టం చేశారు. 2020 జూలై నుండి ఆ రాష్ట్రమంతటా కూడలిలో ఆలస్యాన్ని కాక, ఆ నిర్మాణం వలన జనం మొత్తం ఎన్ని మైళ్లు బండి నడపవలసి వస్తుందో కొలుస్తున్నారు. 2013 చట్టం మీద సంతకం చేసిన గవర్నరు జెర్రీ బ్రౌన్ యవ్వనంలో యేసు సభ గురువుల నొవిషియేట్‌లో కొన్నేళ్లు శిక్షణ పొందినవాడు. అందుకే ఆ చట్టం చేశాడని నేననడం లేదు. మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుందని చెప్పానంతే.

మన దేశంలో 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న నిర్మాణాలకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. తెనాలి, బాపట్ల వంటి ఊళ్లలో లేచే అయిదంతస్తుల భవనాలు సాధారణంగా ఆ గీతకు దిగువనే ఉంటాయి. అందుచేత ఈ లెక్క మనల్ని ఎవరూ అడగరు. అడిగితే మనమే అడగాలి.

తెనాలిని ఆంధ్రా పారిస్ అని పిలుచుకుని మురిసిపోతాం కదా! ఊరి మధ్య నుండి పారే కాలువల వలన ఆ పేరు వచ్చిందంటారు. అసలు పారిస్ నగరంలో కాలువల కన్నా మనం చూసి నేర్చుకోదగినది మరొకటి ఉంది. అక్కడ వీధి వీధంతా అయిదారు అంతస్తుల ఇళ్లు, కింద రొట్టెల కొట్టు, మందుల కొట్టు, పైన కాపురాలు. 2020 ఎన్నికల్లో అక్కడి మేయరు ఆన్ ఇదాల్గో, నిత్యావసరాలన్నీ ఇంటి నుండి పదిహేను నిమిషాల నడకలో ఉండాలన్న ఆశయాన్ని ప్రజల ముందు పెట్టి మళ్లీ గెలిచారు. ప్రపంచమంతా అదేదో కొత్త సంగతిలా చెప్పుకున్నది. మన బజారు వీధుల్లో తాతల నాటి నుండి కింద అంగడి, మీద కాపురం ఉన్న మేడలు ఎన్ని లేవు! దుకాణం కట్టేసి మెట్లెక్కితే ఇల్లు. ఆ మనిషికి ఉద్యోగానికి వెళ్లడానికి చుక్క పెట్రోలు అక్కరలేదు. దానిని పాతకాలపు ఇరుకు బతుకు అని మనమే విడిచిపెట్టాం.

అయితే కింద దుకాణాలు, పైన కాపురాలు అనగానే అంతా మంచిదేనని చెప్పలేను. ఏ దుకాణం అన్నది ముఖ్యం. కిరాణా కొట్టు, టిఫిను సెంటరు, దర్జీ, మందుల షాపు, పిల్లల పుస్తకాల కొట్టు ఉంటే ఆ యాభై ఇళ్లవారితో పాటు వీధివారందరి ప్రయాణం తగ్గుతుంది. అదే కింద పెద్ద కల్యాణ మండపమో, చుట్టుపక్కల మండలాల నుండి కార్లను రప్పించే నాలుగంతస్తుల బట్టల షోరూమో పెడితే వ్యవహారం తలకిందులవుతుంది. అప్పుడు పైన కాపురమున్నవారు ఆదా చేసింది కిందికి వచ్చేవారు ఖర్చు చేస్తారు. కనుక కట్టవద్దని అర్జీ రాసేవారు కింద ఏమి పెడతారని అడగడం మరచిపోతే అసలు విషయం జారిపోయినట్లే.

మరొక సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. బండి గొట్టం నుండి వచ్చేది ఒకే రకం కీడు కాదు. బొగ్గుపులుసు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మలుపులో నిలబడిన టీ కొట్టు యజమానికి దానివలన దగ్గు రాదు. అది పైకి వెళ్లి భూమి చుట్టూ దుప్పటిలా పరచుకుని, వందల ఏళ్లు నిలిచి, అందరికీ వేడి పుట్టిస్తుంది. మసి, నత్రజని ఆక్సైడ్లు మాత్రం అక్కడికక్కడే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊరి మధ్య ఇళ్లు కడితే మొదటి కీడు మొత్తం మీద తగ్గుతుంది, రెండవది ఆ ఒక్క మలుపులో పెరగవచ్చు. అంటే లోకానికి జరిగే మేలుకు మన వీధివారు రుసుము చెల్లిస్తున్నారు. వారిని స్వార్థపరులని తిట్టి ఊరుకోవడం సరికాదు. అందరి మేలు కోసం కొందరు బరువు మోస్తున్నప్పుడు ఆ కొందరి బరువు దించే బాధ్యత అందరిదీ, ముఖ్యంగా లాభం తీసుకునే బిల్డరుది. రోడ్డు మీద బండ్లు పెట్టకుండా కింద సెల్లారులో చోటు, నడిచేవారికి కాలిబాట, సరుకు లారీలు రాత్రిపూటే రావాలన్న షరతు, ఇవి అడగడం వీధివారి హక్కు. ఈ షరతులు లేకుండా కట్టనివ్వడం ఒక అన్యాయమైతే, ఈ షరతులు అడగకుండా అసలు కట్టవద్దనడం మరొకటి.

"అమెరికావాడు ఏడాదికి తలకు సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాడు, మనది రెండు టన్నులే, మా మోటారు సైకిలు మీద పడ్డారేమిటి?" అని మీలో ఒకరైనా ఇప్పటికే అనుకొని ఉంటారు. ఈ కోపం ధర్మమైనదే. వేడిని ఎక్కువగా పెంచినవారు ఎక్కువ భారం మోయాలి, అందులో నాకు సందేహం లేదు. కాని ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఈ రోజు బండి తీయాలా వద్దా అన్నదాని గురించి కాదు. ఇల్లు ఒకసారి కడితే యాభై అరవై ఏళ్లు ఉంటుంది. ఊరు ఒకసారి సాగిపోతే మళ్లీ దగ్గరకు రాదు. అమెరికావారు రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఊళ్లకు దూరంగా ఇళ్లు కట్టుకుంటూ పోయారు. ఈ నాటి వారి మనవలకు కారు లేకుండా బ్రెడ్డు ముక్క దొరకదు. ఆ 14 టన్నుల్లో ఆ పాత నిర్ణయానికి పెద్ద వాటా ఉంది. మన ఊళ్లు ఇంకా అంత దూరం పోలేదు. మన మనవలకు అదే ఇరుకు అంటగట్టి, అమెరికా పేరు చెప్పి తప్పించుకుందామా?

కరెంటు స్కూటర్లు వచ్చాయి కదా, ఇక ఈ బాధ ఉండదని కూడా వింటున్నాం. మలుపులో పొగ తగ్గుతుంది, నిజమే. అయితే ఆ కరెంటులో కొంత ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి తెచ్చినదే. పెట్రోలు కన్నా ఏదో మేరకు మేలే గాని, ఎనిమిది కిలోమీటర్లు ఎనిమిది కిలోమీటర్లే. అరుగు మీద ఎదురుచూసే తల్లికి బ్యాటరీ బండి అయినా పెట్రోలు బండి అయినా ఒకటే.

మనది డెల్టా అన్నది మరువరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకు వచ్చిన వరి నీళ్లలో పడింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలవలసి వచ్చి, కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలు మునిగాయి. ఫలానా తుపానుకు ఫలానా బండి కారణమని ఎవరూ చెప్పలేరు, తుపానులు మన తాతల కాలంలోనూ వచ్చాయి. 1977 నవంబరు ఉప్పెన గుర్తున్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదన్నది శాస్త్రం తేల్చిన మాట. ఆ తేమ ఎక్కడో ఒకచోట కురవాలి. నిజాంపట్నం రేవులో వల సరిచేసుకునే మనిషికి కారు లేదు, వెంచరులో ప్లాటు లేదు. సముద్రం ముందుకు వస్తే మొదట తడిసేది అతని గుడిసె. నా పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్ర బోధకుడు అడిగినప్పుడు యేసు ప్రభువు చెప్పిన కథ కూడా ఒక రహదారి మీద జరిగినదే. ఆ దారిన పోయిన ఇద్దరు కనీసం పడి ఉన్నవానిని చూశారు. మన విషయంలో పడి ఉన్నవాడు కంటికి కూడా ఆనడు.

2015లో ఫ్రాన్సిస్ పోపు గారు వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలో 153వ పేరా సరిగ్గా ఈ రాకపోకల గురించే. ఒకరో ఇద్దరో కూర్చున్న కార్లతో నగరాలు నిండిపోవడాన్ని గురించి చెప్పి, ప్రజా రవాణాకు ముందు చోటు ఇవ్వాలన్నారు. నాకు నచ్చినది ఆ తర్వాతి మాట. కిక్కిరిసి, వేళకు రాని, భద్రత లేని బస్సులను మార్చకుండా జనాన్ని వాటిలో ఎక్కమంటే ఒప్పుకోరని కూడా ఆయన గుర్తించారు. పోపు గారు బువెనోస్ ఐరెస్‌లో అగ్రపీఠాధిపతిగా ఉన్నప్పుడు సిటీ బస్సుల్లోనూ మెట్రోలోనూ తిరిగినవారు, బస్సు కష్టం తెలిసి రాసిన మాటలివి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఎంతో మేలు. కాని బస్సు ఆగేది బస్టాండు దగ్గర, ప్రధాన రోడ్ల మీద. వాటికి నడక దూరంలో కాపురం ఉన్న ఆడపడుచుకే ఆ మేలు పూర్తిగా అందుతుంది. వెంచరు ఆర్చి దగ్గరకు బస్సు రాదు.

రైలు సంగతీ అంతే. 1916 నుండి తెనాలి, రేపల్లెల మధ్య రైలు ఉంది. రేపల్లె వారికి గుంటూరు జిల్లా కేంద్రంగా ఉన్నన్నాళ్లు ఆ రైలెక్కితే కలెక్టరు ఆఫీసు ఉన్న ఊళ్లో దిగేవారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె నుండి బాపట్లకు నేరుగా రైలు మార్గం లేదు, తెనాలి చుట్టి రావాలి. దానితో రోడ్డు పట్టక తప్పడం లేదు. జిల్లా దగ్గరైతే పాలన దగ్గరవుతుందన్నది మంచి ఉద్దేశమే. కాని ఆఫీసు ఎక్కడ పెట్టాలి, ఇల్లు ఎక్కడ కట్టాలి అని నిర్ణయించినప్పుడే ఎంత పెట్రోలు కాలాలో కూడా సగం నిర్ణయమైపోతుందని ఎవరు ఆలోచిస్తున్నారు?

చివరగా ఒక విషయం, నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పాత మిల్లు స్థలాన్ని ఖాళీ స్థలం అంటున్నాం గాని అది నిజంగా ఖాళీ కాదు. ప్రహరీ గోడను ఆనుకుని ఇస్త్రీ బల్ల ఉంటుంది, సైకిలు రిపేరు కొట్టు ఉంటుంది, వెనుక పక్క రేకుల గదుల్లో అయిదారు కుటుంబాలు తక్కువ అద్దెకు కాలం గడుపుతూ ఉంటాయి. మన ఇళ్లలో అంట్లు తోమే ఆమె కూడా అక్కడి నుండే నడిచి వస్తుంది. పునాది తవ్విన రోజున వీరంతా ఊరి అంచుకు పోతారు. యాభై కలిగిన కుటుంబాలను దగ్గరకు తెచ్చి, పది లేని కుటుంబాలను దూరం నెడితే పెట్రోలు లెక్క ఇంకా లాభంగానే కనబడవచ్చు, ఎందుకంటే లేనివారికి బండ్లు లేవు, వారు షేర్ ఆటోలో నలిగి వస్తారు లేదా నడిచి వస్తారు. కిలోల లెక్కలో నెగ్గి మనుషుల లెక్కలో ఓడిపోయే పని ఇది. పేదవాని నడకను మన ఆదాగా రాసుకోవడం నా మట్టుకు నాకు దొంగ లెక్కే.

అందుచేత అర్జీ తప్పక రాయండి. కట్టవద్దని మాత్రం రాయకండి. కింది దుకాణాల్లో రెండు, ఇప్పుడు గోడ పక్కన ఉన్నవారికి వారు ఇవ్వగలిగిన అద్దెకే ఇవ్వాలని, పై అంతస్తుల్లో కొన్ని ఒంటి గది ఇళ్లు ఆ రేకుల గదుల వారికి కేటాయించాలని రాయండి. బిల్డరు గిట్టుబాటు కాదంటాడు. గిట్టుబాటు కావడానికి మరొక అంతస్తు కావాలంటాడు. అప్పుడు మన కిటికీకి వచ్చే గాలి వెలుతురు కొంత తగ్గుతుంది. ఆ మాత్రం మనం ఇవ్వగలమా లేదా అన్నది సంతకం పెట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటల్లోకి ఇస్త్రీ బల్ల ఆయనను కూడా పిలవండి. ఆయన కూడా మన విచారణవాడే కావచ్చు.